బోర్డు గేముల సామాను విప్పడం, సర్దడం, దాచడం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఆటను బల్ల మీద పరచడానికే అరగంట పడితే, ఆ ఆట రెండోసారి అల్మారా దాటి బయటికి రాదు. కింది జవాబులన్నీ ఆ ఒక్క ఇబ్బందిని దృష్టిలో పెట్టుకుని రాసినవే. సామాను చూడముచ్చటగా ఉంటే సంతోషమే కానీ, ఐదు నిమిషాల్లో పరుచుకుని ఐదు నిమిషాల్లో ఎత్తిపెట్టుకోగలిగితే అసలు పని అయినట్టు. ఇంకో సంగతి మన వాతావరణం. విదేశాల నుంచి వచ్చే సలహాలు చాలావరకు పొడిగా ఉండే గదులను ఊహించుకుని రాసినవి. విశాఖలో జూలై నెలకు, రామగుండంలో మే నెలకు అవి యథాతథంగా పనికిరావు.

కొత్త ఆట ఇంటికి వచ్చింది. మొదట ఏం చేయాలి?

అట్టల్లోంచి ఒక్క ముక్కను కూడా విడదీయకముందే రూల్ బుక్ తెరవండి. సామాను జాబితా దాదాపు ఎప్పుడూ మొదటి రెండు మూడు పేజీల్లోనే ఉంటుంది. లెక్క చూసుకోవడానికి సరైన సమయం అదే. ముక్కలన్నీ విప్పి ఒక ఆట ఆడేశాక ఏదైనా తగ్గితే, అది పెట్టెలోనే రాలేదో, సోఫా కిందికి దొర్లిందో తేల్చడం ఎవరి వల్లా కాదు.

ఉదాహరణకు 1995లో వచ్చిన కటాన్‌నే తీసుకోండి. భూభాగాల షట్కోణాలు 19, అంకెల బిళ్ళలు 18, వనరుల కార్డులు రకానికి 19 చొప్పున ఐదు రకాలకు 95, డెవలప్‌మెంట్ కార్డులు 25. ఒక్కో రంగులో రోడ్లు 15, ఊళ్ళు 5, నగరాలు 4. షట్కోణాలు 19 ఉండగా బిళ్ళలు 18 మాత్రమే ఉన్నాయేమిటని కంగారుపడకండి, ఎడారికి అంకె ఉండదు. టికెట్ టు రైడ్‌లో దీనికి తలకిందుల వ్యవహారం. ఆటకు కావలసింది రంగుకు 45 రైలు పెట్టెలే అయినా, మరో మూడు అదనంగా వేసి ఇస్తారు. మిగిలాయని వాటిని పిల్లల బొమ్మల్లో కలిపేయకండి. ఏదో ఒకరోజు ఆ మూడే ఆటను కాపాడతాయి.

లెక్క సరిపోయాక ఒక చీటీ మీద రాసి మూత లోపలి వైపు అంటించండి. పెట్టె తెరిచినప్పుడు లోపల ఏది ఎక్కడ ఉందో ఫోనుతో ఒక ఫొటో కూడా తీసి ఉంచుకోండి.

అట్ట ముక్కలు చిరగకుండా ఊడదీయడం ఎలా?

ఒక మూల పట్టుకుని లాగకండి. అక్కడే పై కాగితం పొర లేచి, బొమ్మతో సహా చీరుకుంటుంది. రెండు బొటనవేళ్ళతో ముక్క అంచుల వెంబడి సమానంగా నొక్కుతూ రండి. ఎక్కడైనా పట్టుకుని ఉంటే అట్టను తిప్పి చూడండి. చాలాసార్లు వెనక వైపు గీత పూర్తిగా తెగి ఉండదు. ఆ చోట కట్టర్ బ్లేడు మొనతో ఒక్క గాటు పెడితే చాలు, ముక్క దానంతటదే వచ్చేస్తుంది.

వానాకాలంలో పార్సిల్ వస్తే ఆ రోజే విప్పే తొందర పెట్టుకోవద్దు. తేమ పట్టిన అట్ట మెత్తబడి పొరలుగా విడిపోతుంది. పెట్టె తెరిచి ఒక రాత్రి ఫ్యాను గాలికి ఉంచి, మర్నాడు మొదలుపెట్టండి. అంచుల్లో మిగిలిన నూగును సన్నరకం ఉప్పు కాగితంతో తీసేయవచ్చు. అయితే బొమ్మ వైపు నుంచి కిందికే రుద్దాలి. పైకి రుద్దితే రంగు పొర లేస్తుంది.

ముక్కలు తీసేశాక మిగిలిన ఖాళీ అట్టలు పడేయవచ్చా?

వెంటనే పడేయకండి. చాలా పెట్టెల్లో లోపలి ట్రే లోతును ఆ అట్టల మందంతో కలిపి లెక్కవేస్తారు. అవి తీసేస్తే ట్రేకు, మూతకు మధ్య ఖాళీ ఏర్పడుతుంది. పెట్టెను నిలువుగా పెట్టగానే ఒక అరలోని కార్డులు పక్క అరలోకి వెళ్ళిపోతాయి. అట్టలను ట్రే అడుగున పరిస్తే ట్రే పైకి లేచి మూతకు ఆనుతుంది. సామాను ఎటూ కదలదు.

ముక్కలను రంగు వారీగా విడదీయాలా, రకం వారీగానా?

ఆట మొదలయ్యేటప్పుడు ఎవరి చేతికి ఏం వెళ్ళాలో దాని ప్రకారం. ఈ పేజీలో ఒక్క జవాబే చదివే ఓపిక ఉంటే ఇది చదవండి.

కటాన్‌లో రోడ్లన్నీ ఒక కవరులో, ఊళ్ళన్నీ ఇంకో కవరులో, నగరాలన్నీ మరో కవరులో వేసేవారిని చూస్తుంటాం. చూడటానికి పద్ధతిగానే ఉంటుంది. కానీ ఆట మొదలుపెట్టాలంటే మూడు కవర్లూ బల్ల మీద గుమ్మరించి నలుగురూ కలిసి రంగులు ఏరుకోవాలి. అదే ఒక్కో రంగుకు ఒక్కో కవరు పెట్టి, అందులో 15 రోడ్లు, 5 ఊళ్ళు, 4 నగరాలు, దేనికి ఎంత ఖర్చో చెప్పే కార్డు వేసేస్తే, కవరు చేతికివ్వడంతో ఆ మనిషి సిద్ధం. ఆట అయ్యాక ఎవరి కవరు వాళ్ళే నింపుతారు. లెక్క తగ్గితే ఎవరి ముందు తగ్గిందో అప్పుడే తెలుస్తుంది.

ఇక అందరికీ ఉమ్మడిగా ఉండే సామాను. ఇక్కడ ఆటను బట్టి ఆలోచన మారాలి. కటాన్ వనరుల కార్డులను ఆటలో రకానికో కట్టగా పెడతారు కాబట్టి దాచేటప్పుడూ ఐదు కట్టలుగానే దాచాలి. టికెట్ టు రైడ్‌లో 110 రైలు కార్డులనూ కలిపి పంచుతారు. అందువల్ల వాటిని రంగుల వారీగా సర్దిపెట్టడం వృథా శ్రమ. ఆట అయిపోగానే బాగా కలిపి పెట్టేస్తే, వచ్చేసారి ఓసారి కోసి పంచేయవచ్చు. పాండమిక్‌లో మహమ్మారి కార్డులు ఆరు. ఎన్ని వాడాలో ఆట ఎంత కష్టంగా ఉండాలనే దాన్ని బట్టి నిర్ణయిస్తారు కనుక వాటిని పేకలో కలిపి దాచకుండా విడిగా ఉంచాలి. కార్కసాన్‌లో 72 టైల్స్‌లో మొదట పెట్టే టైల్ వెనక రంగు వేరుగా ఉంటుంది. దాన్ని గుట్టలో కలపకుండా అన్నిటికన్నా పైన పెట్టుకోండి.

స్ప్లెండర్ ఇంకాస్త తమాషా. రత్నాల బిళ్ళలు రంగుకు ఏడు, బంగారం ఐదు. నలుగురు ఆడితే ఏడూ వాడతారు, ముగ్గురైతే ఐదు, ఇద్దరైతే నాలుగు. మీ ఇంట్లో ఎక్కువగా ఇద్దరే ఆడతారనుకోండి. రంగుకు నాలుగేసి ఒక చోట, మిగిలిన మూడేసి మరో చోట పెట్టండి. రెండో కవరును ముట్టుకోనవసరమే రాదు. పెట్టెతో వచ్చే ట్రే మీ ఇంట్లో ఎందరు ఆడతారో ఎరగదు. అది మీరే చూసుకోవాలి.

జిప్ కవర్లు ఎలాంటివి కొనాలి?

మందులషాపుల్లో మాత్రలు వేసిచ్చే మరీ పల్చటి కవర్లు నాలుగు ఆటలకే జిప్ దగ్గర చిరిగిపోతాయి. కాస్త మందంగా ఉన్నవి తీసుకోండి. 2×3, 3×4, 4×6 అంగుళాలు, ఈ మూడు సైజులు ఉంటే ఎలాంటి ఆటనైనా సర్దవచ్చు. ప్రతి కవరుకూ ఒక మూల సూదితో రెండు చిల్లులు పెట్టండి. లేకపోతే గాలి పట్టి కవర్లు ఉబ్బుతాయి, మూత దిగదు. చెక్క పావులకూ ఆ చిల్లులు మంచివే.

కవర్ల కన్నా డబ్బాలు మేలు కాదా?

ఆడేటప్పుడు డబ్బాలు మేలు, దాచేటప్పుడు కవర్లు మేలు. రెండూ తీరాలంటే మూత గట్టిగా పట్టే చిన్న ప్లాస్టిక్ గిన్నెలు వెతుక్కోవాలి.

మన వంటింట్లోని పోపుల పెట్టె ఆట నడుస్తున్నప్పుడు చక్కగా అక్కరకు వస్తుంది. ఏడు గిన్నెల్లో ఏడు రకాల బిళ్ళలు వేసి బల్ల మధ్యలో పెడితే అందరి చేతికీ అందుతాయి. అందులోనే దాచుదామంటే మాత్రం కుదరదు. గిన్నెలకు విడి మూతలు ఉండవు కనుక పెట్టె కాస్త ఒరిగితే చాలు, అన్నీ కలిసిపోతాయి. వాడకముందు సబ్బుతో కడిగి ఆరబెట్టండి. పసుపు అంటిన తెల్ల క్యూబు మళ్ళీ తెల్లబడదు.

చిన్న క్యూబులకు వారం రోజుల మాత్రల డబ్బా బాగుంటుంది. ఏడు అరలు, దేనికి దానికి మూత. పూసలు, కుట్టుసామాను పెట్టుకునే అరల డబ్బాలు హైదరాబాద్ బేగంబజార్‌లోనూ విజయవాడ వన్‌టౌన్‌లోనూ అన్ని సైజుల్లోనూ దొరుకుతాయి. కొనేముందు ఆట పెట్టె లోపలి కొలత మిల్లీమీటర్లలో రాసుకుని వెళ్ళండి. మూత ఎత్తును కూడా కలిపి చూసుకోండి. అట్టతో చేసిన స్వీటు డబ్బాలు వద్దు. ఎంత తుడిచినా నెయ్యి వాసన పోదు, చీమలు దారి కనుక్కుంటాయి.

కార్డులకు స్లీవులు తప్పనిసరా?

కాదు. స్లీవులంటే ఒక్కో కార్డుకు విడిగా వేసే ప్లాస్టిక్ తొడుగులు. అవి అమ్మేవాళ్ళు తప్పనిసరి అంటారు, అది వాళ్ళ వ్యాపారం. ఒక్క ప్రశ్న వేసుకోండి: ఈ ఆటలో కార్డులను ఎంత తరచుగా కలుపుతాం? డొమినియన్‌లో ప్రతి నాలుగైదు వంతులకు ఒకసారి పేక కలుపుతూనే ఉంటారు, అక్కడ స్లీవులు కావాలి. స్ప్లెండర్‌లో ఆట మొదట్లో ఒక్కసారి కలుపుతారు. ఆ తర్వాత కార్డు బల్ల మీదే ఉంటుంది, స్లీవులు లేకున్నా ఏళ్ళ తరబడి బాగుంటుంది. కార్డు వెనక గీత పడితే ఎదుటివాడు గుర్తుపట్టే ఆటల్లో వేయడం మంచిది. మన చేతి చెమట సంగతి తెలిసిందే కాబట్టి తీరప్రాంతాల వాళ్ళకు ఇంకాస్త వెసులుబాటు ఇస్తాను.

కొనేముందు మందం లెక్క వేసుకోండి. 100 మైక్రాన్ల స్లీవు అంటే ఒక్కో వైపు పొర అంత మందం. రెండు వైపులా కలిపి కార్డుకు 0.2 మిల్లీమీటర్లు. వంద కార్డులకు రెండు సెంటీమీటర్లు పెరుగుతుంది. డొమినియన్‌లో ఉన్నవి 500 కార్డులు, అంటే పది సెంటీమీటర్లు. మధ్యలో చేరే గాలి దీనికి అదనం. స్లీవులు వేశాక పెట్టె మూత పడలేదని వాపోయేవాళ్ళు ఈ లెక్క వేసుకోనివాళ్ళే.

సైజు విషయంలో పేర్లను నమ్మకండి, ఒక్కో కంపెనీ ఒక్కో పేరు పెడుతుంది. స్కేలుతో కొలిచి మిల్లీమీటర్లు చూసుకోండి. పేకముక్క సైజు 63.5×88, పొడుగ్గా ఉండే యూరప్ సైజు 59×92, చిన్నవి 44×68. కటాన్ కార్డులు 54×80, అంటే ఈ మూడింటిలో దేనికీ చెందవు. పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్‌తో చేసినవే కొనండి. ఘాటైన ప్లాస్టిక్ వాసన వచ్చే మెత్తటి పీవీసీ కవర్లు కొన్నేళ్ళకు జిగటగా మారి కార్డు మీది సిరాను లాగేస్తాయి. ఒకే పేకలో రెండు కంపెనీల స్లీవులు కలపకండి. మెరుపులో తేడా ఆటలో ఇట్టే తెలిసిపోతుంది.

కార్డులను లామినేషన్ చేయిస్తే సరిపోదా?

కార్డులకు వద్దు. బిగుసుకుపోతాయి, అంచులు గుచ్చుకుంటాయి, కలపడానికి రావు. వైకుంఠపాళి కాగితానికైతే నిక్షేపంగా చేయించవచ్చు.

పెట్టె లోపల సొంతంగా అరలు చేసుకోవచ్చా?

చేసుకోవచ్చు, ఖర్చు కూడా తక్కువే. స్టేషనరీ దుకాణంలో ఐదు మిల్లీమీటర్ల ఫోమ్ బోర్డు అడగండి. రెండు వైపులా కాగితం, మధ్యలో తేలికైన నురగ ఉన్నది కావాలి. సైన్‌బోర్డులకు వాడే సన్‌బోర్డు దృఢంగా ఉంటుంది, తేమ పట్టదు. కాకపోతే అది పీవీసీ కనుక ఫెవికాల్ దాని మీద సరిగా పట్టదు, వేరే జిగురు వాడాలి. కాగితం ఉన్న ఫోమ్ బోర్డుకు ఫెవికాల్, జిగురు ఆరేదాకా పట్టి ఉంచడానికి గుండుసూదులు చాలు. స్ప్రే జిగురు నురగను కరిగించే ప్రమాదం ఉంది, ముందు చిన్న ముక్క మీద వేసి చూడండి.

కొత్త బ్లేడుతో ఒకే చోట మూడుసార్లు తేలికగా గీయండి. మొదటిసారికి పై కాగితం, రెండోసారికి నురగ, మూడోసారికి కింది కాగితం తెగాలి. ఒక్క దెబ్బకు కోయాలని చూస్తే నురగ పిప్పి పిప్పిగా చిట్లుతుంది. ప్రతి అరలోనూ ఒక వైపు అర్ధచంద్రాకారంలో కోత పెట్టండి. వేలు దూరే చోటు లేకపోతే కార్డులు తీయడానికి పెట్టెనే తలకిందులు చేయాల్సి వస్తుంది. అయితే ఆటను కనీసం ఓ ఐదారుసార్లు ఆడి, దాని వరస తెలిశాకే ఈ పనికి దిగండి. ఆడకముందే కట్టిన అరలు తరచూ తప్పు చోట ఉంటాయి.

వానాకాలంలో బోర్డులు వంకర పోతున్నాయి. ఏం చేయాలి?

కాగితం గాలిలోని తేమను పీల్చుకుని ఉబ్బుతుంది. బోర్డుకు ఒక వైపు నునుపైన పూత, ఇంకో వైపు మామూలు కాగితం ఉంటే రెండూ ఒకేలా ఉబ్బవు. ఎక్కువ ఉబ్బిన వైపు విల్లులా వంగుతుంది. కార్డులు చుట్టుకుపోవడానికీ కారణం ఇదే.

సామాను ఉన్న గదిలో గాలి తేమ 40 నుంచి 55 శాతం మధ్య ఉంటే దిగులు లేదు. తేమను చూపించే చిన్న డిజిటల్ మీటరు చవకే, ఒకటి కొని అల్మారాలో పెట్టండి. మన ఊహకు, నిజానికి ఎంత తేడా ఉందో తెలుస్తుంది. తీరంలో ఏసీ లేని గదిలో ఆ అంకెను సాధించడం కష్టం కనుక, కనీసం చోటు ఎంపికలో జాగ్రత్త పడాలి. స్నానాల గదికి ఆనుకున్న గోడ వద్దు. వాన నేరుగా కొట్టే పడమటి గోడ వద్దు. నేల మీద వద్దు. అటక మీద అసలే వద్దు, అక్కడ వేసవిలో వేడి, వానల్లో చెమ్మ, ఏడాది పొడవునా ఎలుకలు. గోడకూ అల్మారాకూ మధ్య రెండంగుళాలు ఖాళీ వదలండి.

ఇంకో ముఖ్యమైన సంగతి. ఉక్కపోతలో రెండు గంటలు ఆడాక కార్డులను వెంటనే గాలి చొరబడని డబ్బాలో పెట్టేస్తే, అవి పీల్చుకున్న తేమను లోపలే బంధించినట్టు అవుతుంది. ఓ గంట ఫ్యాను కింద వదిలేసి అప్పుడు సర్దండి.

వంగిన బోర్డును వంపు పైకి వచ్చేలా చదునైన బల్ల మీద పెట్టి, పైన ఒక ప్లైవుడ్ ముక్క, దాని మీద బరువైన పుస్తకాలు పెట్టండి. పొడి గదిలో మూడు నాలుగు రోజులు ఉంచితే చాలావరకు సర్దుకుంటుంది. ఇస్త్రీపెట్టెతో తిన్నగా చేసే ప్రయత్నం వద్దు, పై ప్లాస్టిక్ పొర బుడగలు లేచిపోతుంది. విప్పని ఆటల మీద చుట్టి వచ్చే పల్చటి ప్లాస్టిక్ పొరను కూడా తీసేయండి. అది బిగుసుకుని పెట్టె మూలలను వంచుతుంది.

సిలికా జెల్ పొట్లాలు పనిచేస్తాయా?

మూత గట్టిగా ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో పనిచేస్తాయి. తలుపులు తెరిచి ఉండే అల్మారాలో వేస్తే గదిలోని తేమనంతా లాగే ప్రయత్నంలో ఒకటి రెండు రోజులకే అలిసిపోతాయి. రంగు మారే రకం కొనండి, ఎప్పుడు ఎండబెట్టాలో తెలుస్తుంది. నీలం నుంచి గులాబీకి మారే రకంలో కోబాల్ట్ క్లోరైడ్ ఉంటుంది, అది విషపదార్థం. నారింజ నుంచి ఆకుపచ్చకు మారేది ఎంచుకోండి. రంగు మారాక ఓవెన్‌లో 120 డిగ్రీల దగ్గర రెండు గంటలు ఉంచితే మళ్ళీ పనికొస్తుంది. పొట్లంతో సహా కాకుండా గింజలను పళ్ళెంలో పోసి వేడిచేయండి.

పురుగుల నుంచి ఎలా కాపాడుకోవాలి? కలరా ఉండలు వేయవచ్చా?

కలరా ఉండలు వద్దు. అవి నాఫ్తలీన్. దాని ఆవిరికి పాలీస్టైరీన్ అనే ప్లాస్టిక్ మెత్తబడుతుంది. చాలా ఆటల్లో గట్టి ప్లాస్టిక్ పావులు దానితో చేసినవే. పైగా ఆ వాసన అట్టను పట్టి నెలల తరబడి వదలదు.

పాత పుస్తకాల్లో జరజరా పాకే వెండి రంగు పురుగులకు అట్టలోని జిగురు, పిండిపదార్థం ఇష్టం. బొద్దింకలకూ అంతే. అవి తేమ ఉన్న చోటే పెరుగుతాయి కాబట్టి పై జవాబుల్లో చెప్పినవి పాటిస్తే సగం పని అయినట్టే. బాగా ఎండిన వేపాకులను పల్చటి గుడ్డలో మూటకట్టి అల్మారా మూలల్లో పెట్టడం మన ఇళ్ళలో ఎప్పటి నుంచో ఉన్నదే. పచ్చి ఆకులు పెడితే మాత్రం వాటి తేమే సమస్య అవుతుంది. చెదలు ఉన్న ఇంట్లో ఇనుప బీరువాను మించింది లేదు. వారానికోసారి తలుపులు తీసి గాలి తగలనిస్తే చాలు.

పెట్టెలను పుస్తకాల్లా నిలబెట్టాలా, ఒకదాని మీద ఒకటి పెట్టాలా?

నిలబెడితే ఏ ఆటనైనా పక్కవాటిని కదపకుండా తీయవచ్చు. పడుకోబెడితే లోపలి సామాను కదలదు కానీ అడుగున ఉన్న పెట్టె మూత కుంగుతుంది. లోపల ట్రే మూతకు ఆనుకుని ఉన్నవాటిని నిలబెట్టండి, సగం ఖాళీగా ఉన్నవాటిని పడుకోబెట్టండి. దొంతర నాలుగైదుకు మించవద్దు, బరువైనది అడుగున ఉండాలి.

2018లో హైదరాబాద్‌లో ఐకియా ఫర్నిచర్ దుకాణం తెరిచాక ఇక్కడి ఆటగాళ్ళ ఇళ్ళలోకీ వాళ్ళ కల్లాక్స్ అనే గడుల అరలు వచ్చాయి. ఒక్కో గడి 33 సెంటీమీటర్ల చదరం. కటాన్, టికెట్ టు రైడ్ వంటి చదరపు పెట్టెలు 30 సెంటీమీటర్లలోపే కాబట్టి హాయిగా పడతాయి. వడ్రంగితో చేయించుకునేవాళ్ళు కూడా గడి లోపలి కొలత 33కు తగ్గకుండా చెప్పండి. వెనక పలక గోడకు పూర్తిగా ఆనకూడదు.

కార్డుల కట్టలకు రబ్బరు బ్యాండ్లు వేయవచ్చా?

వద్దు. మన వేసవికి అవి కరిగి కార్డులకు అంటుకుంటాయి, లేదా అంచులను నొక్కి గాట్లు పెడతాయి. ఒక కాగితం పట్టీ చుట్టి చివర అతికించండి.

ఆటలను కారులో ఉంచేయవచ్చా?

మేలో అయితే గంట కూడా వద్దు. త్రీడీ ప్రింటింగ్‌లో ఎక్కువగా వాడే పీఎల్ఏ ప్లాస్టిక్ 60 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది. ఎండలో నిలిపిన కారు లోపల అద్దం వెనక ఆ వేడి తేలిగ్గా వస్తుంది. ముచ్చటపడి చేయించుకున్న అరల ట్రే వంకరటింకరగా బయటికొస్తుంది. మెత్తటి ప్లాస్టిక్ బొమ్మల కత్తులు, ఈటెలు వంగితే మాత్రం సరిచేయవచ్చు. వేడినీటిలో కొన్ని సెకన్లు ముంచి, తిన్నగా చేసి, వెంటనే చల్లటి నీటిలో పెట్టండి.

గవ్వలు, చింతగింజలు, వామనగుంటల పీట వంటి మన ఆటల సామాను ఎలా దాచాలి?

ఈ సామాను అట్టపెట్టెల కన్నా గట్టిది, కాకపోతే దాని శత్రువులు వేరు.

చింతగింజలకు పురుగు పడుతుంది. గింజ మీద గుండుసూది మొన అంత చిల్లు కనిపించిందంటే లోపల తొలిచేసి బయటికి వచ్చేసిందన్నమాట. ఆ గింజను తీసేయండి. మిగతావాటిని కవరులో కట్టి నాలుగైదు రోజులు డీప్ ఫ్రీజర్‌లో ఉంచి, తర్వాత ఎండలో పూర్తిగా ఆరనిచ్చి గాజు సీసాలో పోయండి. అష్టాచెమ్మాకు ఒక వైపు అరగదీసిన చింతపిక్కలు వాడేవాళ్ళు వాటిని విడిగా దాచుకోవాలి. అరగదీసిన వైపు లోపలి పప్పు బయటపడి ఉంటుంది కనుక పురుగు ముందు వాటినే పడుతుంది.

గవ్వలను గోరువెచ్చటి సబ్బునీళ్ళతో కడిగితే చాలు. మెరవాలని చింతపండు, నిమ్మకాయ, వెనిగర్ వాడకండి. గవ్వ అంటే కాల్షియం కార్బొనేట్. పులుపు తగిలితే పైనున్న మెరుపు పొరే కరిగిపోతుంది, మళ్ళీ రాదు. అష్టాచెమ్మాకు కావలసిన నాలుగు గవ్వలు ఒకే సైజువి ఏరి, విడిగా చిన్న గుడ్డసంచిలో ఉంచండి.

వామనగుంటల పీటకు కొబ్బరినూనె రాస్తుంటారు. కొన్నాళ్ళకు అది మక్కు వాసన వేసి దుమ్ము పట్టేస్తుంది. ఏడాదికోసారి అవిసె నూనె పల్చగా రాసి, పొడిగుడ్డతో పూర్తిగా తుడిచేయడం మేలు. మడిచే పీట అయితే బందుల దగ్గర తుప్పు చూసుకోండి. పచ్చీసు గుడ్డను మడతపెట్టకండి, అట్టగొట్టానికి చుట్టండి. మడత దగ్గరే కుట్టు ముందు తెగుతుంది.

ఏటికొప్పాక పావులు కొన్నాను. వాటిని శానిటైజర్‌తో తుడవవచ్చా?

ఎంతమాత్రం వద్దు. అంకుడు కర్ర మీద రంగులు కలిపిన లక్క పూసి చేసే బొమ్మలవి. ఆల్కహాలులో లక్క కరుగుతుంది. ఒక్కసారి తుడిస్తే రంగు గుడ్డకు అంటుతుంది, రెండోసారికి కర్ర కనిపిస్తుంది. వేడికి కూడా లక్క మెత్తబడుతుంది కనుక ఎండ పడే కిటికీ దగ్గర ఉంచకండి, ఒకదానికొకటి తగిలేలా కుక్కకండి. పొడి నూలుగుడ్డ చాలు.

క్యారమ్ బోర్డు?

గోడకు ఏటవాలుగా ఆనించి నెలలు వదిలేస్తే మధ్యలో కుంగుతుంది. చదునుగా పడుకోబెట్టండి, లేదా గోడకు నిటారుగా తగిలించండి. దాచేముందు బోరిక్ పౌడరును పొడిగుడ్డతో పూర్తిగా తుడిచేయాలి. తేమకు అది గడ్డకట్టి మరకలు వేస్తుంది. మిగిలిన పౌడరు చిన్నపిల్లల నోట్లోకి పోనివ్వకండి. కాయిన్లు తొమ్మిది నలుపు, తొమ్మిది తెలుపు, ఒక ఎరుపు, మొత్తం 19. స్ట్రైకర్‌ను వాటితో కలిపి ఒకే డబ్బాలో గలగలలాడిస్తే కాయిన్ల అంచులు చిట్లుతాయి.

కార్డుల మీద జిడ్డు మరకలు పడ్డాయి.

పొడిగుడ్డతో అద్దండి, రుద్దకండి. పైన పూత ఉన్న కార్డయితే మెత్తటి రబ్బరుతో కొంత పోతుంది. నూనె లోపలికి ఇంకితే పోదు. ఆటలో మిర్చిబజ్జీ పెట్టి ఆపైన కార్డుల గురించి బాధపడటం న్యాయం కాదు. పుట్నాలు, మరమరాలు, మహా అయితే చెగోడీలు.

ఒక ముక్క పోయింది. ఆట పనికిరానట్టేనా?

పావు పోతే గుండీతోనో వేరే ఆట పావుతోనో గడిపేయవచ్చు. కార్డు పోతేనే చిక్కు. వెనక వైపు ఒకేలా ఉండాలి కాబట్టి పేకంతటికీ వెనక వైపు కనపడని స్లీవులు వేసి, పోయినదాని స్థానంలో కాగితం మీద రాసి లోపల పెట్టండి. చాలా ప్రచురణ సంస్థలు తమ వెబ్‌సైటులో విడి సామాను కోసం అడిగే ఫారం పెడతాయి. వాళ్ళకు ఆట పేరు, ఏ ముద్రణ, ఏ ముక్క అన్నది కచ్చితంగా చెప్పాలి. మూత లోపల అంటించిన చీటీ అప్పుడు పనికొస్తుంది.

చిన్నపిల్లలున్న ఇంట్లో ఏం జాగ్రత్తలు?

మూడేళ్ళలోపు పిల్లలున్నచోట పాచికలు, క్యూబులు, గవ్వలు అందనంత ఎత్తులో ఉండాలి. అన్నిటికన్నా ముఖ్యంగా, గురివింద గింజలను ఆటల్లో లెక్క కోసం వాడుతుంటే మానేయండి. చూడటానికి ఎంత ముచ్చటగా ఉన్నా వాటిలో ప్రాణాంతకమైన విషం ఉంది, నమిలితే ప్రమాదం. బిళ్ళ బ్యాటరీతో పనిచేసే టైమర్లకు స్క్రూతో బిగించే మూత ఉందో లేదో చూడండి.

ఎక్స్‌పాన్షన్లన్నీ (అసలు ఆటకు తోడుగా విడిగా కొనే అదనపు భాగాలు) ఒకే పెట్టెలో కలిపేయవచ్చా?

ప్రతిసారీ కలిపే ఆడతారనుకుంటే కలపండి. అప్పుడప్పుడే వాడతారంటే విడిగా ఉంచండి. కలిపేముందు కార్డుల మూలన ఏ భాగానిదో తెలిపే చిన్న గుర్తు ముద్రించి ఉందేమో చూడండి. లేకపోతే మళ్ళీ విడదీయడం నరకం, కాబట్టి కలపకముందే కార్డులన్నిటికీ ఫొటోలు తీసుకోండి.

అమెరికా నుంచి వచ్చేవాళ్ళతో ఆటలు తెప్పించుకుంటున్నాం. మూలలు నలగకుండా ఎలా?

సూట్‌కేసులో పెట్టె లోపలి ఖాళీని మెత్తటి బట్టలతో నింపమనండి. లోపల గట్టిగా ఉంటే బయట నలగదు. పెట్టెను సూట్‌కేసు మధ్యలో పెట్టి చుట్టూ బట్టలు వేయాలి, అంచుకు తగలకూడదు. 23 కిలోల పరిమితిలో ఎక్కువ ఆటలు పట్టాలంటే చిన్న ఎక్స్‌పాన్షన్లను వాటి పెట్టెల్లోంచి తీసి పెద్ద ఆట పెట్టెలోనే సర్దవచ్చు. ఖాళీ పెట్టెలను విప్పి చదును చేసి అడుగున పెడితే ఇక్కడికి వచ్చాక మళ్ళీ అతికించుకోవచ్చు. తెచ్చేవాళ్ళు బంధువులే అయినా వాళ్ళ ఊరగాయలకూ చోటు ఉండాలని గుర్తుంచుకోండి, తిరుగు ప్రయాణంలో ఆ చోటు వాళ్ళకు కావాలి.

వాడిన ఆటను అమ్మాలనుకుంటున్నాను. ఎలా సిద్ధం చేయాలి?

సామానంతా జాబితా ప్రకారం లెక్కపెట్టి, బల్ల మీద వరసగా పరిచి ఒక ఫొటో తీయండి. లేనివేమిటో ముందే రాయండి. మూలల నలుగుడు, కార్డుల గీతలు దగ్గరి నుంచి ఫొటోలో చూపించండి. మీరు వేసిన స్లీవులు, చేసిన అరలు ధరలో కలిపి అడగకండి, కొనేవాళ్ళకు వాటితో పని ఉండకపోవచ్చు. పంపేటప్పుడు మూత లేవకుండా నాలుగు వైపులా కాగితం టేపు వేయండి. మామూలు సెలోఫేన్ టేపు తీసేటప్పుడు పెట్టె మీది బొమ్మను కూడా లాక్కుపోతుంది.